ఇల్లుబండి పొయ్యి

నాగార్జునసాగర్
2 నవంబరు 2000, గురువారం

అక్కయ్యకి నమస్కారాలు.

చక్రాల మీదున్న ఇంట్లో కూర్చుని రాస్తున్న మొదటి ఉత్తరం ఇది, పారేయకు. ఫోను చేయొచ్చుగా అంటావేమో. నిన్న సాయంత్రం ఎస్టీడీ బూతులో నిలబడి ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ ఎంగేజ్. ఆరోసారి నీ హాస్టలు పిల్ల రవళి అట, ఎత్తింది. ఇది పేరెంట్స్ ఫోను, బంధువులు ఉత్తరాలు రాసుకోవాలని ఆంటీ రూలు పెట్టారని చెప్పి పెట్టేసింది. ఇరవై రెండు మందినీ బాగా తయారు చేశావు. సొంత తమ్ముడు కూడా బంధువుల కిందే వస్తాడని ఈ వయసులో తెలిసింది.

సోమవారం పొద్దున పంజాగుట్టలో హాషం భాయ్ షెడ్డు నుంచి బయల్దేరాం. బయల్దేరాం అని ఒక్క మాటలో రాశాను గానీ, ఆ సందులోంచి మెయిన్ రోడ్డు మీదికి రావడానికే గంటన్నర పట్టింది. జీపు వెనక ఇల్లు తగిలించాక రివర్సు గేరు ఇంకో విద్య. వెనక్కి పోయేటప్పుడు ఇల్లు కుడికి తిరగాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు బాడీలు కట్టినవాణ్ణి, నాకు తెలియక కాదు, నా చేతులకి తెలియదు. హాషం వెనక నిలబడి, "ప్రసాద్ భాయ్, నీ దిమాక్ ఏం చెప్తే దానికి ఉల్టా చెయ్" అన్నాడు. అలాగే చేసి బయటపడ్డాను. ఈ సలహా ఇన్నాళ్ళూ ఎవరూ ఇవ్వకపోవడం వల్లే నా బతుకు ఇలా ఉందని నీ మరదలు సీత అంది.

కిలోమీటరు దూరంలో ఉండి కూడా నువ్వు ఇల్లుబండిని చూడనే లేదు కాబట్టి చెబుతున్నాను. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఆరు. కిటికీలు తుక్కుకి పోయిన బస్సువి, జరిపితే ఇప్పటికీ అదే చప్పుడు. పగలు బల్ల, రాత్రి అదే మంచం. ఒక మూల నీళ్ళ ట్యాంకు, దాని పక్కన నువ్వు హాషం చేత పంపిన రెండు బర్నర్ల పొయ్యి. ఇబ్రహీంపట్నం దాటాక ఇల్లు తోక ఊపడం మొదలుపెట్టింది. ఆపి చూస్తే సీత బియ్యం బస్తా, మూడు ఆవకాయ జాడీలు, రుబ్బురోలు అన్నీ వెనక గోడకి ఆనించి సర్దింది. బరువు ఇరుసుకి ముందుండాలి, వెనక ఉంటే ఇలాగే ఊగుతుంది. అన్నీ ముందుకి జరిపాక బుద్ధిగా వచ్చింది. రుబ్బురోలు ఎందుకని అడిగితే, ఇల్లన్నారు కదా అంది.

ఇక్కడ గెస్టుహౌసు వాచ్‌మన్ మొగిలయ్య గట్టు పక్కన మంచి చోటు చూపించాడు. చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, బల్ల మీద గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని, ఆ నీళ్ళు సమంగా నిలిచేదాకా నాలుగు జాకీలూ తిప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టినట్టు ఉద్యోగంలో ఎప్పుడూ పట్టలేదు. తెల్లారి తలుపు తీస్తే మెట్టు ముందు పదిహేను మంది ముసలివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. కంటి డాక్టర్ల బండి వచ్చిందని ఎవరో చెప్పారట. కాదంటే నమ్మరు. చివరికి సీత అందరికీ టీ ఇచ్చింది. ఒకాయన తాగి, చూపు కాస్త నయమనిపిస్తోందన్నాడు.

ఆ టీ కూడా బయట మూడు రాళ్ళు పెట్టుకునే కాచింది. ఇంట్లో పొయ్యి ఇంతవరకూ వెలిగించలేదు. ఎందుకని అడిగితే గ్యాసు ఆదా అంటుంది. ఆవిడ ఏనాడు గ్యాసు ఆదా చేసిందో నాకైతే గుర్తులేదు.

ఎనిమిదో తారీఖు దాకా ఇక్కడే. ఆ తరవాత బాపట్ల వెళ్ళి సూర్యలంక బీచి దగ్గర పెడతాం. కేరాఫ్ పోస్ట్‌మాస్టర్ అని ఊరి పేరు రాస్తే చాలు, పోస్టాఫీసుకి వెళ్ళి అడిగి తెచ్చుకుంటాను. నువ్వూ రావచ్చు కదా అక్కయ్యా, ఒక్క రాత్రికి.

నీ తమ్ముడు
హనుమత్ప్రసాద్


మధురానగర్, హైదరాబాదు
5 నవంబరు 2000, ఆదివారం

చిరంజీవి ప్రసాదుకి అక్క ఆశీస్సులు.

ఉత్తరం నిన్న వచ్చింది. పిల్లలందరికీ చదివి వినిపించాను, చూపు నయమైన ముసలాయన దగ్గర పడీ పడీ నవ్వారు. రవళి మాత్రం తప్పేముంది ఆంటీ, రూలు రూలే కదా అంది. ఆ పిల్లకి ఉద్యోగం తప్పకుండా వస్తుంది.

ఇక్కడ ఎప్పటి సందడే. మైత్రీవనం ముందు పొద్దున్నే నడవాలంటే పాంప్లెట్లు పంచేవాళ్ళని తప్పించుకుంటూ నడవాలి. జావా నెల రోజుల్లో, ఒరాకిల్ నలభై రోజుల్లో. నన్ను కూడా ఆపి, మేడమ్ మీ బ్యాక్‌గ్రౌండు ఏంటి అని అడిగాడు ఒకడు. వంట అని చెప్పాను. సాప్ కోర్సులో వంటకీ మాడ్యూలు ఉందన్నాడు.

మొన్న కృష్ణానగర్ నుంచి ప్రమోద్ అని ఒకాయన వచ్చాడు, సినిమా ప్రొడక్షన్ మేనేజరట. మీ తమ్ముడుగారి దగ్గర క్యారవాన్ ఉందట, హీరోయిన్ బట్టలు మార్చుకోవడానికి కావాలి అన్నాడు. అందులో రుబ్బురోలు ఉందని చెప్పి పంపేశాను.

పొయ్యి సంగతి రాశావు. అది మీ బావగారు మేము అమీర్‌పేటకి వచ్చిన ఏడు కొన్నది. పన్నెండు మందికి నేను వండిన పొయ్యి. బర్నర్లు నా చేత్తో తోమి, చింతపండు పెట్టి మెరుగుపట్టి పంపాను. దాన్ని ఎందుకు వెలిగించడం లేదో సీత చెప్పదు అంటున్నావు. చెప్పకపోతే నాకు అర్థం కాదనుకోకు.

దసరా నాడు బండికి పూజ చేసి నిమ్మకాయలు తొక్కించారట. వజ్రమ్మ మన వంటావిడ కాబట్టి నాకు తెలిసింది. బాగుంది.

నన్ను రమ్మంటున్నావు. ఇరవై రెండు మంది ఆడపిల్లల్ని ఎవరికి వదిలి రాను? పదకొండేళ్ళ నుంచి రాత్రిపూట ఈ గేటు తాళం నేనే వేస్తున్నాను. ఇప్పుడు కొత్తగా సముద్రం చూడకపోతే కొంప మునగదు.

కార్తీక మాసం, చన్నీళ్ళు పోసుకుని చెవుల్లో గాలి పోనివ్వకు.

అక్క
హైమవతి


నాగార్జునసాగర్
8 నవంబరు 2000, బుధవారం

అక్కయ్యకి,

నీ ఉత్తరం చేతికిస్తూ పోస్ట్‌మాస్టరు ఒక మాటన్నాడు. ఇంటి నంబరు లేకుండా ఉత్తరం వచ్చే మనిషిని ఆయన ఇదే మొదటిసారి చూడటమట. ఇంటికి నంబరుంది, ముందూ వెనకా రాసుందని చెప్పాను. ఆయన మా ఇల్లు చూడటానికి భార్యాపిల్లలతో వచ్చి మధ్యాహ్నం దాకా ఉన్నాడు.

పొయ్యి గురించి నువ్వు దిగులుపడ్డావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. ఏ భయమూ పెట్టుకోకు. ట్యూబు కొత్తది వేశాం, హాషం సబ్బు నురగ రాసి ఎక్కడా లీకు లేదని రెండుసార్లు చూశాడు. అయినా పాత సరుకు పాత సరుకే కదా, మరీ ఇబ్బందైతే బాపట్లలో కొత్తది కొనేస్తాం, నువ్వు ఏమీ అనుకోకు.

ఇక దసరా పూజ. అది బండి పూజ అక్కయ్యా, లారీలకి చేస్తారే, అదే. కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, షెడ్డులో అందరికీ మిఠాయి. ఐదు నిమిషాల పని. అయినా ఆ పొద్దున నేను ఫోను చేసి రమ్మన్నాను కదా. నాకు పని ఉంది, అలాంటివాటికి నన్ను పిలవకు అన్నది నువ్వే. పిలవకు అన్నదానివి పిలవలేదని రాస్తే నేనేం చెప్పను? బండి కట్టడం నీకు మొదటి నుంచీ ఇష్టం లేదని నాకు తెలుసు. రిటైరై ఇంట్లో పడి ఉండక ఇదేం పిచ్చి అని నువ్వు హాషం దగ్గర అన్నావట. అందుకే బలవంతం చేయలేదు.

దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపి లోడు ఏంటన్నారు. సంసారం అన్నాను. రసీదు పుస్తకంలో ఆ గడి లేదన్నాడు పాపం ఆ అబ్బాయి. చాలాసేపు ఆలోచించి, ఖాళీ అని రాసి పంపాడు. ఆ కాగితం చూసినప్పట్నుంచీ సీత నవ్వుతూనే ఉంది.

రేపు పొద్దున బాపట్లకి ప్రయాణం. చలి ఎక్కువగా లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నాను, నీ మీద ఒట్టు.

ప్రసాదు


మధురానగర్
11 నవంబరు 2000, శనివారం

ప్రసాదుకి,

కొత్త పొయ్యి కొనుక్కోండి. మంచిదే. పాతది రైలు పార్సిల్లో వేసి పంపించు, నాకు హాస్టల్లో పనికొస్తుంది.

ఇంతవరకే రాసి అంటించేద్దామనుకున్నాను. వజ్రమ్మ గుడి నుంచి వచ్చేసరికి ఇంకా కలం పట్టుకునే కూర్చున్నాను. ఇవాళ పౌర్ణమి, పిల్లలంతా మేడ మీద దీపాలు పెడుతున్నారు. కోపం కడుపులో పెట్టుకుని దీపం వెలిగించకూడదు కాబట్టి మొత్తం రాసేస్తున్నాను.

నువ్వు దాన్ని బండి అంటావు. నీకు బండే. పడుకునే చోటు, వండే చోటు, తలుపు, గడప అన్నీ ఉంటే దాన్ని మేం ఆడవాళ్ళం ఇల్లంటాం. ఇంట్లో దిగేముందు పాలు పొంగిస్తారు. ఆ పాలు ఎవరు పొంగించాలి? ఆడపడుచు. నువ్వు ముప్పై ఏళ్ళు అద్దె ఇళ్ళలోనే ఉన్నావు. సొంతంగా కట్టుకున్న ఇల్లు ఇదొక్కటే. నీకున్న ఆడపడుచుని నేనొక్కదాన్నే. కట్టడం నాకు ఇష్టం లేదని ఎవరన్నారు? పిచ్చి అన్నాను, అన్నాను. పిచ్చి అని అన్నవాళ్ళు పొయ్యి తోమి పంపుతారా?

పిలవలేదని కూడా నాకు బాధ లేదు. మీ బావగారు పోయాక ఇలాంటివాటికి నేనే దూరంగా ఉంటున్నాను, లోకం సంగతి తెలిసినదాన్నే. కానీ దసరా ముందు రోజు సాయంత్రం సీత కుంకుమ భరిణె పట్టుకుని మా గేటు దాకా వచ్చింది. మేడ మీద కిటికీలోంచి చూశాను. నా కోసమే వస్తోందనుకుని జుట్టు సవరించుకుని, కిటికీ పక్క కుర్చీలో గుడ్డలు తీసేసి కూర్చున్నాను. అది కింద వజ్రమ్మకి బొట్టు పెట్టింది, పూజకి పిలిచింది, మెట్ల దాకా వచ్చి ఆగింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వంట చేసే వజ్రమ్మకి పిలుపు ఉంది. మేడ మీద కూర్చున్న నాకు లేదు. మర్నాడు నువ్వు ఫోనులో రా రా అంటే నాకు పని ఉందనక ఏమనను?

పొయ్యి ఎందుకు వెలగడం లేదో ఇప్పుడు నీకు తెలిసి ఉండాలి. నా చేతి పొయ్యి కాబట్టి. సీతని ఏమీ అనకు. భయం ఎవరికైనా ఉంటుంది. చిన్నప్పుడు మా పెళ్ళిలో నా పక్కన కూర్చుంటానని ఏడ్చిన తమ్ముడివి, నీకు ఇదంతా రాయాల్సి వచ్చిందని నాకు సిగ్గుగా ఉంది.

ఫోను చేయకు. చేసినా రవళి ఇవ్వదు.

హైమవతి


సూర్యలంక, బాపట్ల
14 నవంబరు 2000, మంగళవారం

అక్కయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని చదివాను. తిరిగొచ్చి సీత చేతిలో పెట్టాను. చదివింది, మళ్ళీ చదివింది, వెళ్ళి ఇసకలో కూర్చుంది. మధ్యాహ్నం అన్నం తినలేదు. నేను ముప్పై ఏళ్ళ సంసారంలో ఎప్పుడూ చేయని పని చేశాను. ఏమైందని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. సీత దృష్టిలో కూడా అది మొదటి నుంచీ ఇల్లే. పాలు వదినే పొంగించాలని రేకులు కొడుతున్నప్పుడే అనుకుంది. అందుకే ఆ సాయంత్రం భరిణె పట్టుకుని నీ కోసమే వచ్చింది. మెట్ల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. బొట్టు పెట్టకుండా పిలిస్తే, నువ్వు వేరు అని మొహం మీద చెప్పినట్టు. బొట్టు పెడతానంటే, పదకొండేళ్ళ నుంచి నువ్వు పెట్టుకోనిది, ఆ గాయం రేపినట్టు. ఏది చేయాలో తెలియక వజ్రమ్మని అడిగింది. "నన్నడిగితే నేనేం చెప్త? పెడితే సుత ఏడుస్తది, పెట్టకపోతే సుత ఏడుస్తది. అమ్మ అద్దం చూసి ఎన్నేండ్లాయెనో" అందట వజ్రమ్మ. అప్పటికే భరిణె మూత తీసి ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి పెట్టకుండా మూత వేయలేక వజ్రమ్మకి పెట్టి, రెండు మెట్లు ఎక్కి, దిగి వచ్చేసింది. ఇంటికొచ్చి రాత్రంతా ఏడ్చిందట. నేను గుర్రుపెడుతున్నానట.

ఆ రాత్రే మొక్కుకుంది, వదిన చేత్తో పాలు పొంగేదాకా ఆ పొయ్యి మీద నిప్పు పడకూడదని. అందుకే ఇన్నాళ్ళూ మూడు రాళ్ళ మీద వంట. మొన్న ఇక్కడ జల్లు పడితే నేను గొడుగు పట్టుకున్నాను, ఆవిడ పప్పు ఉడకబెట్టింది. గొడుగు పట్టినవాణ్ణి నేనే, కారణం తెలియనివాణ్ణీ నేనే. గ్యాసు ఆదా అంటే నమ్మాను అక్కయ్యా. కొత్త పొయ్యి కొంటాం ఏమీ అనుకోకు అని నీకు రాశానని చెబితే, ఆవిడ నా వైపు చూసిన చూపు నేను రాయలేను.

నువ్వు మమ్మల్ని తిట్టు. నీ ఇష్టం వచ్చినంత తిట్టు. కానీ ఇక్కడికి వచ్చి తిట్టు. నీ చేతి పొయ్యి అని దాన్ని పక్కన పెట్టలేదు, నీ చెయ్యి కోసమే ఆపింది.

హాస్టలు ఎవరికి వదలాలన్నావు. నాకు వదులు. వజ్రమ్మ లోపల పడుకుంటుంది, నేను గేటు దగ్గర మడత మంచం వేసుకుంటాను. హాషంకి కబురు పెట్టాను, అతనూ అతని భార్య మసూదా నిన్ను రైల్లో తీసుకొస్తారు. సోమవారం రాత్రి ఎక్కితే మంగళవారం పొద్దున బాపట్ల. నువ్వు దిగగానే స్టేషన్లోనే నిన్ను చూసి, తిరుగు రైలెక్కి నేను హైదరాబాదు వెళ్ళిపోతాను. తిరుగు ప్రయాణంలో జీపు హాషం నడుపుతాడు. నాకంటే బాగా వెనక్కి తిప్పుతాడు.

రా అక్కయ్యా. నువ్వు రాకపోతే ఈ ఇల్లు నాకు బండిగానే మిగిలిపోతుంది.

ప్రసాదు

వదినా, ఆ రోజు మెట్లు ఎక్కి ఉండాల్సింది. నాదే తప్పు. రండి. - సీత


మధురానగర్
17 నవంబరు 2000, శుక్రవారం
స్పీడ్ పోస్టు

ప్రసాదుకి,

నేను వస్తానని చెప్పడం లేదు. ఒకవేళ వస్తే నువ్వు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

మోటారు పొద్దున ఐదుంబావుకి వెయ్యాలి, అరగంటలో ఆపాలి, లేకపోతే పక్కింటావిడ గోడ మీదికి ఎక్కుతుంది. గురువారం ఇడ్లీ, మిగతా రోజులు ఏది చేసినా ఉప్మాయేనా ఆంటీ అంటారు, పట్టించుకోకు. గేటు తొమ్మిదిన్నరకి వేసెయ్యి. ల్యాబు ఉంది అంకుల్ అంటే పదింటి దాకా చూడు, ప్రాజెక్టు ఉంది అంటే నమ్మకు. సుమశ్రీ వాళ్ళ నాన్న రామ్మోహనరావుగారు తెనాలి నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తారు, రెండో రింగుకే ఎత్తాలి. రవళికి మంగళవారం లక్డీకాపూల్ హోటల్లో ఇంటర్వ్యూ ఉంది, తరవాత మొహం ఎలా ఉన్నా ఏమైందని అడక్కు, వేడిగా ఏదైనా పెట్టు. రెండో గదిలో అమ్మాయి అన్నానికి పిలిస్తేనే వస్తుంది. ఒకసారి పిలిస్తే రాదు. రెండోసారి పిలవాలి. కొందరు అంతే.

నిన్న హాషం, మసూదా వచ్చారు. మసూదా ఖీర్ తెచ్చింది. హాషం గుమ్మంలో నిలబడి, "ఆపా, ఫికర్ చెయ్యకండ్రి. రంజాన్ నెల మొదలయ్యేలోపల మీ ఇంట్ల దించుత. జర బ్యాగు సర్దుకోండ్రి" అన్నాడు. టికెట్లు నాకు చెప్పకుండానే తీసేశారు. నా పేరు హేమావతి అని రాయించారు. టికెట్టు మీద ఆవిడెవరో వస్తోంది, నేను కాదు.

సీత చీటీ చదివాను. రెండు మెట్లు ఎక్కింది అని రాశావు. నాకు కిటికీలోంచి అది కనిపించలేదు, మెట్ల మీద సజ్జా అడ్డం. ఇన్ని రోజులూ ఎక్కనే లేదనుకున్నాను.

సముద్రపు గాలికి దుప్పటి ఏది తెచ్చుకోవాలో రాయి. వద్దులే, రాసేలోపు నేనే వచ్చేస్తాను.

అక్క


మధురానగర్
22 నవంబరు 2000, బుధవారం
స్పీడ్ పోస్టు

అక్కయ్యకి,

బాపట్ల ప్లాట్‌ఫారం మీద నిన్ను సరిగా చూడటానికే కుదరలేదు. నువ్వు దిగావు, నా చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నానని సరిచేశావు, పప్పుల డబ్బా తాళం నా చేతిలో పెట్టావు, వెళ్ళిపోయావు.

నిన్న రాత్రి తొమ్మిదికి హాస్టలు చేరాను. అప్పటికే ఒక ప్రమాదం జరిగి ఉందని నాకు తెలియదు. దారిలో లక్డీకాపూల్ నుంచి నీ రూలు గుర్తొచ్చి ఎనిమిదింటికి ముందే హాస్టలుకి ఫోను చేశాను, వస్తున్నా అని చెబుదామని. ఆ మాటలు ఎనిమిది దాటేదాకా సాగాయి, రామ్మోహనరావుగారు చేస్తే ఎంగేజ్ వచ్చిందట. నేను వచ్చాక ఆయన మళ్ళీ చేశారు, రెండో రింగుకే ఎత్తి, ఎవరు కావాలండీ అన్నాను. ఆడపిల్లల హాస్టల్లో, రాత్రి తొమ్మిదికి, మగగొంతు. ఆయన పెట్టేశారు. ఇవాళ పదకొండింటికి తెనాలి నుంచి వచ్చి గేటు ముందు నిలబడ్డారు, చేతిలో గొడుగు పట్టుకుని. వాన లేదు. నేను హైమవతిగారి తమ్ముణ్ణి అని చెబితే రుజువు అడిగారు. వజ్రమ్మ వచ్చి, "సారు అమ్మకు తమ్ముడే. ఉప్మా మాడగొట్టిండు గని మనిషి మంచోడే" అని సాక్ష్యం చెప్పింది. ఆ ఉప్మానే తిని వెళ్ళారు.

నీ రూలు ఎందుకు పెట్టావో ఒక్క రోజులో తెలిసిపోయింది. పొద్దుట్నుంచీ పద్దెనిమిది ఫోన్లు. పందొమ్మిదో ఫోను ఎత్తి, ఇది పేరెంట్స్ ఫోను, బంధువులు ఉత్తరాలు రాసుకోవాలి అని పెట్టేశాను. పెట్టేశాక అనుమానం వచ్చింది, గొంతు సీతది. అవునో కాదో అడిగి చెప్పు. అవునైతే అడిగానని చెప్పకు.

రవళికి ఉద్యోగం వచ్చింది. నేను మొహం చూసి ఏమైందని అడగలేదు, వేడిగా పకోడీలు పెట్టాను, అదే చెప్పింది. ఆంటీకి మొదట చెప్పాలనుకున్నానంకుల్ అని కాస్త చిన్నబుచ్చుకుంది. నువ్వు లేకపోతే ఈ హాస్టలు కూడా వెనక బరువు పెట్టిన బండిలా ఊగుతోంది.

నన్ను అసలు విషయం అడగనివ్వు. పాలు పొంగించావా? ఎటు పొంగాయి? తూర్పుకేనా? రెండో గది పిల్ల సంగతి నిజమే, రెండోసారి పిలిస్తే వచ్చింది.

ప్రసాదు


సూర్యలంక
24 నవంబరు 2000, శుక్రవారం

చిరంజీవి ప్రసాదుకి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం మధ్యాహ్నం హాషం బాపట్ల వెళ్ళి తెచ్చాడు. ఇది నాకంటే ముందు చేరుతుందో, నేనే ముందు వచ్చి నీ చేతిలో పెడతానో తెలియదు. ఫోను సీతదే. నేను చెప్పలేదు, తనే చెప్పింది. వచ్చాక నీ సంగతి నువ్వు చూసుకో.

రవళితో చెప్పు, వచ్చీ రాగానే దానికి బొబ్బట్లు చేస్తానని. సోమవారానికి వస్తాం. ఆదివారం రాత్రి సాగర్లో ఆగుదాం అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే సీత ఇంకా నమ్మడం లేదు. చూపు నయమైన ముసలాయన్ని నాకూ చూడాలనుంది.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. గేటు తాళం వేశానా అని రెండుసార్లు లేచాను. తాళం లేదు, గేటూ లేదు, తలుపు తీస్తే సముద్రం. రెండోసారి లేచినప్పుడు మసూదా కూడా లేచి కూర్చుని ఉంది. ఇద్దరం మెట్టు మీద కూర్చుని తెల్లారేదాకా పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకున్నాం. మూడో రాత్రి నువ్వు రాసినట్టే నిద్ర పట్టింది.

వచ్చిన రోజే పొంగించాల్సింది. శుక్రవారం మంచిదని ఆపాను. నిజం చెబితే భయమేసింది. మూడు రోజులూ ఆ మూడు రాళ్ళ మీది అన్నమే తిన్నాను. పప్పుకి పొగ వాసన ఉంది, బాగానే ఉంది. సీత ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. నేను బయట కుర్చీలో కూర్చుంటే అటూ ఇటూ తిరుగుతుంది, ఏదో అనబోతుంది, గిన్నెలు తీసుకుని వెళ్ళిపోతుంది.

ఇవాళ తెల్లవారుజామున స్నానం చేసి బయట కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. సీత పట్టుచీర కట్టుకుని, భరిణె పట్టుకుని మెట్టు దిగి వచ్చింది. నాలుగడుగుల దూరం, అయినా వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టు నిలబడింది. "వదినా, మా ఇంట్లో పాలు పొంగించడానికి రావాలి" అంది. మూత తీసి పట్టుకుంది. నేనే అందులో వేలు ముంచి ముందు దాని నుదుట పెట్టాను. తరవాత నా తల ముందుకి వంచాను. ఎంతసేపు వంచి ఉంచానో తెలియదు. పెట్టింది. ఇద్దరం ఏడ్చాం, దాచుకోవడం ఎందుకు. వజ్రమ్మ అన్నది నిజమే, కానీ ఇది తను భయపడ్డ ఏడుపు కాదని తనకి చెప్పు.

హాషం పాలు తెచ్చాడు. గిన్నె నేను పెట్టాను, పొయ్యి నేను వెలిగించాను. మొదటి అగ్గిపుల్లకే అంటుకుంది, నేను తోమిన బర్నరు. హాషం కిటికీలోంచి తొంగి చూసి, తూర్పుకే పొంగాలంటే చెప్పండ్రి ఆపా, వెనక జాకీ రెండు చుట్లు తిప్పుత అన్నాడు. నీ స్నేహితుడే అనిపించుకున్నాడు. వద్దు, సమంగా ఉండనీ, ఎటు పొంగితే అటు అన్నాను. బల్ల మీద గ్లాసులో నీళ్ళు, నువ్వు ఇక్కడ జాకీలు తిప్పి నిలిపినట్టే, ఇంకా సమంగా ఉన్నాయి.

ఎటు పొంగాయని అడిగావు కదా. నాకు తెలియదు తమ్ముడూ. సీత నా భుజం పట్టుకుని ఉంది, మసూదా ఏదో దువా చదువుతోంది, నా కళ్ళు సరిగా కనిపించలేదు. నాలుగు పక్కలా ఒక్కసారే పొంగినట్టున్నాయి. ఎంత పొంగాయంటే కిందికి కారి పొయ్యి ఆరిపోయింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సీత అగ్గిపెట్టె నా చేతికిచ్చింది.

మళ్ళీ నేనే వెలిగించాను.

నీ అక్క
హైమవతి